నేరం లేని కాగితం

జూన్ 3

నాన్నా,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. నేను అరుస్తాను. నేను అరిస్తే పోట్లాడుతున్నానని అమ్మ నీ చేతిలోంచి ఫోన్ లాక్కుంటుంది. అందుకని ఉత్తరం. కళ్ళజోడు పెట్టుకుని, కూర్చుని చదువు.

నేనూ మీ అల్లుడూ విడిపోతున్నాం.

లేవకు. బస్సెక్కకు. ముఖ్యంగా ఆ టైపు మిషన్ దగ్గరికి వెళ్ళకు. పై లైను చదవగానే నీ వేళ్ళు దురద పెడతాయని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా కోర్టు వరండాలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ విడాకుల పిటిషన్లన్నీ టైపు కొట్టినవాడివి, సొంత కూతురిది కొట్టకుండా ఊరుకోవడం నీకు కష్టమే. అయినా కొట్టొద్దు. ఒక్క అక్షరం కూడా.

కారణం ఒక్కసారే చెబుతాను. నాకు పిల్లలు వద్దు. అతనికి కావాలి. పెళ్ళికి ముందు ఈ మాట ఇద్దరం ఎత్తలేదు. అది ఇద్దరి తెలివితక్కువతనం. ఎదుటివాళ్ళు మారతారులే అని ఐదేళ్ళు ఎవరికి వాళ్ళం ఎదురుచూశాం. అతను పక్కింటి పాపను భుజం మీద ఎక్కించుకుని ఆడిస్తుంటే నాకు ఒళ్ళు మండేది. మండినందుకు నా మీద నాకు ఇంకా మండేది. అతను నా మీద ఒక్కనాడు గొంతెత్తలేదు, చెయ్యెత్తడం సరేసరి. గొంతెత్తేది ఎవరో నీకు వేరే చెప్పాలా?

ఏడాదిగా మాది పేరుకే కాపురం. ఇంట్లో మూణ్ణెల్లుగా మాటల్లేవు. షాపులో మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉంటాం. గాజు పనిలో నోరు మూసుకుంటే చేతులు తెగుతాయి. పెద్ద గాజు పలక మోసేటప్పుడు ఒకళ్ళు వెనక్కి నడవాలి. వాళ్ళకి దారి కనపడదు. ఎదురుగా ఉన్నవాళ్ళు "మెట్టు, మెట్టు, ఎడమ, ఆగు" అని చెబుతుండాలి. మలుపు దగ్గర వంతు మారుతుంది. ఈ ఊళ్ళో ఆరడుగుల పలకను పగలకుండా మూడో అంతస్తుకు ఎక్కించే జోడీ ఒక్కటే ఉంది, అది మేమే. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. అయితే కానీ. బడి మానేసిన పిల్ల, ఎవరూ నేర్పకుండా చూసి చూసి గాజు కోయడం నేర్చుకున్న పిల్ల, షాపు బోర్డు మీద తన పేరు రాయించుకుంది. గొప్పలు చెప్పుకోదా?

ఆ షాపు ముక్కలు కాకూడదు. నా పట్టుదలంతా దాని గురించే. కోర్టుకెళ్ళి నువ్వంటే నువ్వని ఒకళ్ళ మీద ఒకళ్ళం మట్టి పోసుకున్నాక మళ్ళీ ఒకే పలకకు అటొకరు ఇటొకరు నిలబడలేం. లైబ్రరీ నుంచి చట్టం పుస్తకం తెచ్చుకుని, అర్థం కాని మాట పక్కన పెన్సిల్ గీత పెట్టుకుంటూ చదివాను. మొదటి దారి ఒకరి మీద ఒకరు కేసు వేసుకోవడం. అది నీ దారి. ఇంకోటి, పెళ్ళిని అలాగే ఉంచి ఒప్పందం రాసుకుని విడిగా బతకడం. దాంట్లో గొడవ లేదు. కానీ అతనికి రేపు ఇంకో పెళ్ళి చేసుకునే దారి ఉండాలి. మనిషిని తాడుతో కట్టేసి ఉంచి వదిలేశానని చెప్పడం నాకు చేతకాదు. ఇక మిగిలింది మధ్యవర్తి దగ్గర కూర్చుని, అన్నీ తేల్చుకుని, ఇద్దరం కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవడం. మేం ఎంచుకున్నది అది. మొదలైపోయింది కూడా. మధ్యవర్తి మేడమ్ పాత హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ఎదుట నేను కూడా గొంతు తగ్గిస్తున్నాను.

అతను షాపు పైగదికి మారాడు. ఇల్లు నాకుంది. ఎవరూ ఏడవడం లేదు. అమ్మకు మెల్లగా చెప్పు.

నీ కూతురు
(పది వేళ్ళూ క్షేమం)


జూన్ 9

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అమ్మడికి,

అలవాటు చొప్పున పై మాట టైపు కొట్టేసి, తర్వాత దాని వైపు చాలాసేపు చూశాను. తీసేయాలో ఉంచాలో తేలలేదు. ఉంచాను.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మీ అమ్మకు మెల్లగానే చెప్పాను. ఆవిడ వంటగదిలోకి వెళ్ళి గిన్నెలన్నీ రెండోసారి తోమింది. నాతో ఇప్పటిదాకా మాట్లాడలేదు, ఇందులో నా తప్పేమిటో నాకు తెలియదు.

ఒక విషయం సూటిగా అడుగుతున్నాను. ఏం దాస్తున్నావు? నిన్ను పెంచినవాణ్ణి. చెప్పు తెగితేనే వీధి అదిరేలా కేకలు వేసే పిల్లవి. అలాంటిది కాపురం తెగిపోతుంటే ఎవరి తప్పూ లేదని ఇంత మెత్తగా రాశావంటే నాకు నమ్మకం కుదరడం లేదు. దెబ్బలు తిన్న ఆడపిల్లలు మొదట ఇలాగే మాట్లాడతారు. నా మిషన్ ముందు ముక్కాలి పీట మీద కూర్చుని "ఆయన మంచివాడేనండీ" అంటూ మొదలుపెట్టినవాళ్ళు ఎంతమందో. గంట తర్వాత మోచేతి మీద కాలిన మచ్చ చూపించేవారు.

పిల్లలు వద్దనుకోవడం కారణమా? ఏ పేరాలో రాస్తారు దాన్ని? కారణం బలంగా లేని కాగితం నిలబడదు. నేను కొట్టిన పిటిషన్ ఒక్కటి కూడా ఈ ముప్పై ఏళ్ళలో వెనక్కి రాలేదు. పెద్ద ప్లీడర్లు సైతం తమ గుమాస్తాలను కాదని నా దగ్గరికే పంపిస్తారు. నా కూతురు మాత్రం ఎవరో హెడ్‌మిస్ట్రెస్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే నేను చూస్తూ ఊరుకోవాలా?

నువ్వు వద్దన్నావు కాబట్టి కోర్టులో వేయడం లేదు. ముందు జాగ్రత్తగా ఒకటి సిద్ధం చేసి విడిగా పంపిస్తున్నాను. అడుగున సంతకం మాత్రం చేసి నీ దగ్గర ఉంచుకో. అవసరం పడితే ఆయుధం చేతిలో ఉంటుంది.

ఒంటరిగా ఉన్నావు, తలుపు గొళ్ళెం సరిచూసుకో.

ఆశీస్సులతో,
నాన్న


జూన్ 16

నాన్నా,

ఇంతకు మించి పలకరింపు లేదు. ఉంటే నీకు నచ్చేది కాదు.

నీ "ఆయుధం" షాపుకు వచ్చింది. ఇంటికి కాదు, షాపుకు. మా షాపులో ఎవరి పేరున ఏ కవరు వచ్చినా అప్పుడు కౌంటరు దగ్గర ఉన్నవాళ్ళు విప్పుతారు. మొదటి రోజు నుంచీ అంతే, ఆర్డర్లు అలాగే వస్తాయి కాబట్టి. మొన్న కౌంటరు దగ్గర ఉన్నది అతను. నేను లోపల అద్దం అంచు రుద్దుతున్నాను. రాపిడి చప్పుడు ఆగాక తల ఎత్తి చూస్తే నీ నాలుగు పేజీలూ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాలుగో పేరా విన్నావా?" అని, చదివాడు. "ప్రతివాది పిటిషనరుకు రెండు పూటలా అన్నం పెట్టక, బయట తాళం వేసి, గదిలో బంధించి ఉంచెను." గొంతులో కోపం లేదు. బిల్లు చదివినట్టు చదివాడు. "ఏ గదిలో?" అన్నాడు. "మనకున్నది ఒకటే గది కదా. వంట చేసేది కూడా నేనే కదా."

నాకు నోరు పెగల్లేదు. నాకు! నువ్వు నమ్మవు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో పని. మూడో అంతస్తులో జనం కూర్చునే హాలుకు నిలువెత్తు కిటికీ పలక. లిఫ్టులో పట్టదు, మెట్ల మీదుగా మోయాలి. పట్టు కోసం పలకకు రబ్బరు కప్పులు అతికించి లేపాం. మొదటి వంతు వెనక్కి నడిచేది నేను. మొదటి మెట్టు కాలికి తగిలింది, అతను చెప్పలేదు. రెండోదీ చెప్పలేదు. ఐదేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. నేను ఆగిపోయాను. ఇద్దరి మధ్యా ఆ బరువు.

"మెట్టు చెప్పు" అన్నాను.

"గదిలో పెట్టి తాళం వేసే మనిషిని నమ్మి వెనక్కి నడుస్తావా?"

"అది రాసింది మా నాన్న. నేను కాదు. నేను సంతకం పెట్టలేదు. మెట్టు చెప్పు."

"మీ నాన్నకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు! ఆయన వేళ్ళకు అదే వచ్చు! మెట్టు చెప్తావా, ఇక్కడే వదిలెయ్యనా?"

కింద మెట్ల మీద ఒక నర్సు నోరు తెరుచుకుని చూస్తోంది. అతను నా వైపు కాదు, నా కాళ్ళ వెనకకి చూశాడు. "మెట్టు" అన్నాడు. "మెట్టు. మెట్టు." పైదాకా చెప్పాడు. ఆ మాటలు తప్ప ఒక్క ముక్క లేదు. పలక పగల్లేదు.

సాయంత్రం మధ్యవర్తి దగ్గరికి రానన్నాడు. "మీ వైపు కాగితం తయారుగా ఉంది. నేను కూడా ప్లీడరును చూసుకుంటాను. నా మీద నేరం రాసేవాళ్ళతో నేను రాజీ కాగితం రాసుకోను" అన్నాడు. అతను ప్లీడరు దగ్గరికి వెళ్తే షాపు కథ ముగిసినట్టే. సగం సగం చేస్తారు. సగం గాజు షాపు అంటే ఏంటో తెలుసా? ఒక కత్తీ, మోయడానికి ఎవరూ లేని పలకలూ.

వద్దని రాశాను. ఒక్క అక్షరం కూడా వద్దని రాశాను. నీ ఉత్తరం కంటే ముందు నీ కాగితమే నా కాపురంలోకి వచ్చింది. ముగిసిపోయిన కాపురమే అయినా నాది.

కూతురు


జూన్ 17

బంగారు తల్లీ,

ఎంత సంతోషంగా ఉందో నీకు ఎలా చెప్పను! మన సందు చివర ఇస్త్రీ కొట్టాయన తమ్ముణ్ణి చూడటానికి మీ ఊరి ఆసుపత్రికి వచ్చాడు. నిన్న తిరిగొచ్చి నేరుగా మనింటికే వచ్చాడు. "మీ అమ్మాయీ అల్లుడూ ఎంత ముచ్చటగా ఉన్నారండీ! ఒకే పలక పట్టుకుని, ఎదురెదురుగా, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ మెట్లెక్కుతున్నారు. అమ్మాయి ఏదో అరిచింది, ఆయన ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు" అన్నాడు. మీ అమ్మ చేత ఒకటికి రెండుసార్లు చెప్పించుకుని విన్నాను, నా చెవుల సంగతి నాకు తెలుసు కదా.

అయితే నా కాగితం అంది ఉంటుంది. ఆయన చూసి ఉంటాడు. దారికొచ్చాడన్నమాట! నేను చెప్పలేదా, ఆయుధం చేతిలో ఉంటే చాలు, వాడక్కర్లేదని. ఇలా కాగితం చూసి కాళ్ళబేరానికొచ్చిన మగవాళ్ళు నా సర్వీసులో చాలామంది.

దీంతోపాటు అల్లుడు గారికి విడిగా నాలుగు లైన్లు పెట్టాను. గతం మర్చిపోయానని, ఇకపై నా కూతుర్ని బాగా చూసుకొమ్మని. చదివి ఇవ్వు. పిల్లల సంగతి నిదానంగా ఆలోచించుకోవచ్చు, తొందరేం లేదు.

మీ అమ్మ మాత్రం "వాళ్ళు మోస్తున్నది గాజు, మొహాలు చూసుకోక గోడలు చూస్తారా" అంటోంది. ఆవిడ సంగతి నీకు తెలిసిందే.

పరమానందంతో,
నాన్న


జూన్ 22

నాన్నా,

ఇస్త్రీ కొట్టాయనకు చెప్పు, అది నవ్వు కాదు, పళ్ళు బిగబట్టడం. అంత బరువుతో మూడంతస్తులు ఎక్కమను, ఆయన మొహం కూడా ముచ్చటగానే ఉంటుంది.

అల్లుడు గారికి పెట్టిన నాలుగు లైన్లు చింపేశాను. "గతం మర్చిపోయాను" అంట! ఏ గతం? నువ్వే టైపు కొట్టి, నువ్వే నమ్మి, నువ్వే క్షమించేశావా? ఈ ఆటలో మేమెక్కడున్నాం?

ఇప్పుడు నేను చెప్పేది సరిగ్గా విను. అరవడం లేదు, రాస్తున్నాను, కాబట్టి నీకు పూర్తిగా వినపడాలి.

నీ కాగితం అక్కర్లేనిదని నేననను. మోచేతి మీద కాలిన మచ్చ ఉన్న ఆవిడకు అది కావాలి. ఆవిడకు కోర్టే కావాలి, బలమైన పేరాలు కావాలి, నీలాంటివాడు కావాలి. నాకు మచ్చ లేదు. లేని మచ్చ నా ఒంటి మీద గీసి చూపిస్తే రేపు ఆవిడ మచ్చను కూడా ఎవరూ నమ్మరు. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. పలక అంచు రుద్దుతూ ఆలోచించాను.

నాకు నిజం రాసిన కాగితం కావాలి. పెళ్ళి చేసుకున్నాం, కుదరలేదు, కారణం ఇది, తప్పు ఎవరిదీ కాదు. ఇంత చిన్న సంగతి రాయడానికి మీ కోర్టు వరండాలో ఒక్క మనిషి కూడా లేడా?

మధ్యవర్తి మేడమ్ జూలై 2న ఇంకోసారి కూర్చుందామన్నారు. అతను ఇంకా సరే అనలేదు. ప్లీడరు చిరునామా రాసిన చీటీ కౌంటరు మీద, పలక కింద పెట్టుకున్నాడు, గాజులోంచి నాకు కనపడేలా. అతను వస్తాడా రాడా అన్నది నీ చేతుల్లో ఉంది. అతనికి నువ్వు రాయాలి. నువ్వు రాసింది అబద్ధమని ఒప్పుకుంటూ రాయాలి. టైపు కాదు. టైపు కొడితే నీ వేళ్ళు మళ్ళీ పాత దారే పడతాయి. పెన్నుతో రాయి.

రాయలేకపోతే ఆ సంగతి కూడా చెప్పు. నేనే ఏదో ఒకటి చేసుకుంటాను. చిన్నప్పటి నుంచీ చేసుకుంటున్నదే కదా.

కూతురు


జూన్ 27

అమ్మడూ,

ఇది పెన్నుతోనే రాస్తున్నాను. దస్తూరీ బాగోలేకపోతే క్షమించు. నా చేతిరాత నేనే చూసుకుని ఏళ్ళయింది.

నీ మొదటి కోపం ఉత్తరం నా ఆనందం ఉత్తరం నీకు చేరకముందే వచ్చింది. దాన్ని చదివి రెండు రోజులు కోర్టు వరండాకు వెళ్ళలేదు. రెండో కోపం ఉత్తరం వచ్చాక బీరువా తీశాను. నేను కొట్టిన ప్రతి పిటిషన్‌కూ ఒక కార్బన్ కాపీ ఉంచుకుంటానని నీకు తెలుసు. వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. నాలుగో పేరా అన్నిట్లోనూ ఉంది. అదే పేరా, అవే మాటలు, కామాలతో సహా.

మొదటిసారి కొట్టింది ఇరవై ఆరేళ్ళ క్రితం. ఆవిడ నాకు గుర్తుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని మాట్లాడింది. తాళం సంగతి, అన్నం సంగతి అన్నీ ఆవిడ చెప్పినవే. నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే కొట్టాను. ఆ కాగితం బలంగా నిలబడింది, ఆవిడ బయటపడింది. ఆ తర్వాత వచ్చినావిడకు కూడా అదే కొట్టాను, బలమైన పేరా కదా అని. అప్పటి నుంచి వేళ్ళకు అలవాటైపోయింది. ఎదుట కూర్చున్న మనిషి రెండు మాటలు చెప్పేసరికే నేను నాలుగో పేరాలో ఉండేవాణ్ణి. మిగతాది వినలేదు. చెవుడు తర్వాత వచ్చింది తల్లీ, వినడం ముందే మానేశాను.

తాళాలు వేయనివాళ్ళు ఎంతమంది మీద తాళాలు వేశారని రాశానో నాకు లెక్క తెలియదు. ఒక్క పిటిషన్ వెనక్కి రాలేదని నీకు గొప్పగా రాశాను చూడు, ఆ లైను చూసుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. కాగితాలు వెనక్కి రాలేదు. మనుషులు వెనక్కొచ్చి నన్ను అడగలేదు, అంతే.

అల్లుడు గారికి రాశాను. మూడు కాగితాలు చింపాక నాలుగోది నిలబడింది. ఈ కవరులోనే ఉంది. అంటించలేదు, కావాలంటే నువ్వు కూడా చదువు.

మీ అమ్మ మాట: "దానికి కోపం రావడం నాకు ఆనందంగా ఉంది. నాకు రావలసిన కోపాలు కూడా అదే తెచ్చుకుంటోంది."

ఇది ఎందుకు రాయించిందో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

నాన్న


జూలై 4

నాన్నా,

అతనికి నువ్వు రాసిన ఉత్తరం నేను చదవలేదు. మడత విప్పకుండానే ఇచ్చాను. కౌంటరు వెనక నిలబడి చదివాడు. ఒకసారి చదివి మడిచి, విప్పి, ఇంకోసారి చదివాడు. పలక కింద చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు చూడు, అదీ అతని పద్ధతి. మూడుసార్లు కొలవనిదే దేన్నీ కోయనివ్వడు.

"రెండో తారీఖున మేడమ్‌ను ఇక్కడికే రమ్మను" అన్నాడు. "ఆ రోజు పని వదులుకుని వెళ్ళలేం."

ఆవిడ గొడుగు ఊపుకుంటూ పొద్దున్నే వచ్చేశారు. మేం ఒక పలకను లోపలి గదిలోంచి వీధిలోకి తీస్తున్నాం. ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుని మా మెట్టూ, ఎడమా, ఆగూ అన్నీ విన్నారు. తర్వాత అన్నారు, "మీ ఇద్దరికీ మాటల్లేవన్నారే? నేను వచ్చినప్పటి నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నారు."

నాకు ఒళ్ళు మండింది. ఈవిడ కూడా మమ్మల్ని కలిపేద్దామని చూస్తోందనుకున్నాను. "మేడమ్, మేం మళ్ళీ కాపురం చేసే ఉద్దేశంతో లేం. అలాంటి ఆలోచన ఉంటే గొడుగు తీసుకుని వెళ్ళొచ్చు" అన్నాను. అవును, హెడ్‌మిస్ట్రెస్‌తోనే అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "కూర్చో పిల్లా. కలిపే పని నాది కాదు. పలక మోసేటప్పుడు మీ పద్ధతి ఏంటో చెప్పు" అన్నారు.

చెప్పాను. వెనక్కి నడిచేవాళ్ళు వాదించకూడదు, ఎదురుగా ఉండి దారి చూసేవాళ్ళు అబద్ధం చెప్పకూడదు, మలుపులో వంతు మారుతుంది.

"అయితే ఇవాళ అలాగే కూర్చుందాం" అన్నారు. "ముందు అతను తనకు కనపడేది చెబుతాడు. నువ్వు వెనక్కి నడుస్తున్నావు. మలుపు వచ్చిందని నేను చెప్పేదాకా నోరెత్తకు."

నాన్నా, జీవితంలో ఇంత కష్టమైన పని నేను చేయలేదు. ఇరవై నిమిషాలు నోరెత్తలేదు. పిల్లలు కావాలని అతనికి ఎంత ఉందో నాకు తెలుసనుకున్నాను. నాకు సగమే తెలుసు. పక్కింటి పాప బడికి వెళ్ళే దారిలో రోజూ షాపు ముందు ఆగి అద్దంలో జడ చూసుకుంటుందట. ఆ అద్దాన్ని అతను అమ్మకుండా అక్కడే ఉంచాడట. కొనడానికి వచ్చినవాళ్ళకు పగులుందని అబద్ధం చెప్పాడట. వింటుంటే నాకు కోపం రాలేదు. నా మీద కూడా రాలేదు.

తర్వాత నా వంతు. పిల్లలు ఎందుకు వద్దో చెప్పాను. నీకు రాయను, అది అతనికి చెప్పవలసిన మాట, చెప్పేశాను. అతను తల దించుకుని విన్నాడు. మలుపు వచ్చిందని మేడమ్ చెప్పాక తల ఎత్తాడు. "ఇది ముందే తెలిసుంటే నిన్ను అడగడం ఎప్పుడో మానేసేవాణ్ణి" అన్నాడు. "నువ్వు కూడా ఇలా చెప్పుంటే నేను నీకు దారి ఎప్పుడో వదిలేసేదాన్ని" అన్నాను.

ఆ తర్వాత అంతా చకచకా అయిపోయింది. షాపు ఒకటే, బోర్డు మీద రెండు పేర్లూ ఉంటాయి. కోత నాది, కొలత అతనిది. పని గంటల్లో ఇంటి ఊసు ఎత్తకూడదు. ఎవరైనా విడిగా వెళ్ళాలనుకుంటే ఆరు నెలల ముందు చెప్పి, తన చోటులో మోసే మనిషికి పని నేర్పి వెళ్ళాలి. అతను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ అమ్మాయికి నా గురించి మొదటి రోజే, నిజమే చెప్పాలి. ఇది నేను రాయించాను.

చివరికి గొడవంతా కారణం దగ్గర వచ్చింది. "అభిప్రాయ భేదాలు అని రాస్తే సరిపోతుంది" అన్నారు మేడమ్. నేను వద్దన్నాను. అదీ నాలుగో పేరాలాంటిదే, ఎవరికైనా అతుకుతుంది. అతను కూడా నా వైపే మాట్లాడాడు. ఇద్దరం కలిసి ఒక హెడ్‌మిస్ట్రెస్‌ను ఓడించాం, చూస్తే నువ్వు మెచ్చుకునేవాడివి.

మేం రాసుకున్నది దీంతో పెట్టాను. పెన్సిల్‌తో ఉంది. కోర్టుకు టైపు చేసి ఇవ్వాలట. ఇక్కడ వీధికొకరు టైపు చేసేవాళ్ళున్నారు. "మీ నాన్నకు పంపించు" అన్నది అతను. నేను కాదు.

ఒక్క అక్షరం మార్చకూడదు.

నీ కూతురు


జూలై 10

అమ్మడూ,

టైపు చేశాను. నాలుగు ప్రతులు దీంతో ఉన్నాయి. సరిచూసుకో.

ఒక్క అక్షరం మార్చకూడదన్నావు. ఎంత కష్టమో నీకు తెలియదు. కారణం దగ్గరికి వచ్చేసరికి మీరు రాసింది ఇది: "ఆమెకు పిల్లలు వద్దు. అతనికి కావాలి. ఇద్దరూ చెప్పింది నిజం. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ అపకారం చేయలేదు." నా వేళ్ళు వాటంతటవే "గత్యంతరము లేక" అని కొట్టబోయాయి. చేతులు మిషన్ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్కో మాట చూసి కొట్టాను, కొత్తగా నేర్చుకునేవాడిలా. నాలుగు ప్రతుల్లో ఒక్క తప్పు లేదు. ముప్పై ఏళ్ళలో ఇంత చిన్న కాగితం కొట్టలేదు. ఇంతసేపు పట్టింది కూడా ఏదీ లేదు.

పక్క మిషన్ ఆయన మెడ సాచి చదివి, "గురువు గారూ, ఇందులో కేసేదీ?" అన్నాడు. "కేసు లేదు నాయనా. మనుషులున్నారు" అన్నాను. నేనే అన్నానా ఆ మాట అని తర్వాత ఆశ్చర్యమేసింది.

ఆ మధ్యాహ్నం ఒకామె వచ్చింది, పోస్టాఫీసులో పనిచేస్తుందట. పీట మీద కూర్చుని "మా ఆయన మంచివాడేనండీ" అంటూ మొదలుపెట్టింది. నేను మిషన్‌కు గుడ్డ కప్పేశాను. "మొత్తం చెప్పమ్మా, కాస్త గట్టిగా చెప్పు, నాకు చెవుడు" అన్నాను. గంటన్నర చెప్పింది. నిజంగానే మంచివాడు. ఇద్దరూ కలిసి రండి అని పంపించాను. వరండాలో మిగతావాళ్ళు ఈ ముసలాడు చేతిలోకొచ్చిన పని పోగొట్టుకున్నాడని నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

తల్లీ, నువ్వు బడి మానేసిన రోజు నిన్ను కొట్టాను. గుర్తుందా? నాకు గుర్తుంది. చదువుకోనిదానివి, నోటి దురుసుదానివి, నీ బతుకు ఎలా గడుస్తుందా అని భయపడ్డాను. నువ్వు రాయించిన షరతులు మీ అమ్మకు పైకి చదివి వినిపించాను. ఆవిడ "ఎవరి కూతురు!" అంది. నేనూ అదే అనబోయాను, ఆవిడే ముందు అనేసింది.

నాన్న


ఫిబ్రవరి 2

నాన్నా, అమ్మా,

కోర్టు పెట్టిన ఆరు నెలల గడువు దాటింది, ఇవాళ పూర్తయింది. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, ఫోన్ లాక్కోవడం లాంటి గొడవలు లేకుండా.

కోర్టులో మేం కూర్చున్న బెంచీ మీదే ఇంకో జంట ఉంది. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు, నడుమ ప్లీడర్లు. మేం పక్కపక్కనే కూర్చున్నాం. మధ్యాహ్నం ఒక పలక బిగించాలి కాబట్టి, దాని కొలతలు చూసుకుంటున్నాం. గుమాస్తా వచ్చి "మీరు సాక్షులా?" అన్నాడు. "కాదు, మేమే విడిపోయేది" అన్నాను. గుమాస్తా మా ఇద్దరినీ పైకీ కిందికీ చూసి వెళ్ళిపోయాడు.

లోపల పిలిచారు. జడ్జి గారు వయసులో పెద్దావిడ. కాగితం చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివారు. కారణం చాలదంటారేమో అనుకున్నాను. అంటే ఏం చెప్పాలో నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను, అది కోర్టులో అనదగ్గ మాట కూడా కాదు.

"ఇందులో ఉన్నదంతా నిజమేనా?" అన్నారు.

"నిజమే" అన్నాం, ఇద్దరం ఒకేసారి.

"నా బల్ల మీదికి ఇలాంటిది రావడం తక్కువ" అన్నారు. సంతకం చేశారు. నేను చేశాను, అతను చేశాడు. అతను సంతకం చేసేదాకా కాగితం అంచు జరగకుండా పట్టుకున్నాను.

లేచి రాబోతుంటే జడ్జి గారు ప్రతిని ఎత్తి పట్టుకుని చూశారు. "చక్కగా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. ఎవరు టైపు చేశారు?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే అతను చెప్పేశాడు.

"మా మామగారండీ" అన్నాడు.

నేను సరిదిద్దలేదు.

మీ
గాజు కోసే పిల్ల